పహాణీ గడులు

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి మొదలగు గ్రామములయందు భూవివాదము తలయెత్తినప్పుడు, పెద్దవారు నేటికిని మొదట పలుకుమాట ‘ఖాస్రాల ఎవరి పేరున్నదో సూడుండ్రి’ అనునదియే. 1949లో జాగీర్లు రద్దై, సంస్థానముల పన్నుల యధికారము సర్కారునకు సంక్రమించిన పిదప, ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరి కాస్తు అను విషయమును తెలంగాణమంతటను నిర్ధారించుటకై 1954-55లో సిద్ధపరచిన ఖాస్రా పహాణీ నాటినుండియు భూహక్కులకు మూలాధారముగా నిలిచినది.

అయితే నా దృష్టికి ఖాస్రాకంటెను విశేషమైనది, ఏటేట వ్రాయబడు సామాన్య పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు, అనుభవదారు, తరియా (మాగాణి) ఖుష్కియా (మెట్ట), నీటి యాధారము, పైరు అను గడులు సంవత్సరము మారినను మారవు. మారునవి వానియందలి సమాధానములు మాత్రమే. గ్రామపు భూలెక్కలు వ్రాయు పట్వారీ గుడ్డబస్తా విప్పి, గతేటి పహాణీ ముందుంచుకొని, చేనుగట్టుపై నిలిచి, ఆ ప్రశ్నలనే మరల అడిగి క్రొత్త యుత్తరములు వ్రాయవలెను. చేనిమొగము చూడకయే అరుగుపై కూర్చుండి పాతపేర్లకు నకలు దింపిన పట్వారీలును లేకపోలేదు. ప్రశ్నను దాచుకొనవలసినచోట ఉత్తరమును దాచుకొనుటయే వారి దోషము. ఆ నకళ్ళవలన కౌలుదారులకు కలిగిన నష్టము సామాన్యము కాదు.

ప్రశ్నకును ఉత్తరమునకును గల ఈ భేదమునే కంప్యూటరు శాస్త్రజ్ఞులు తమ మార్గమున గుర్తించిరి. ఐబీఎం సంస్థయందలి ఎడ్గర్ కాడ్ 1970లో సమాచారమును పట్టికలుగా నమర్చు సిద్ధాంతమును ప్రకటింపగా, 1974లో చాంబర్లిన్, బాయిస్ అనువారు ఆ పట్టికలను ప్రశ్నించు భాషను కూర్చిరి. అదియే నేటి ఎస్‌క్యూఎల్. ఒకసారి వ్రాసిన క్వెరీకి, అనగా ప్రశ్నకు, పేరుపెట్టి భద్రపరచిన దానిని ‘వ్యూ’ అందురు. సాధారణముగా అందు నిలుచునది ప్రశ్నయే గాని ఫలితము గాదు. కావున నేడు వ్రాసిన క్వెరీని మరునాడు తెరచినను, నాటి తాజా లెక్కయే వచ్చును.

ఇక భూలెక్కల సంగతికి మరల వచ్చినచో, 1984లో పట్వారీల వ్యవస్థ రద్దయ్యెను. 1998లో ‘కార్డ్’ పథకముతో రిజిస్ట్రేషను కార్యాలయములు కంప్యూటరు ముఖము చూచినవి. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి అను భూరికార్డుల పోర్టలులో అనుభవదారు గడి లేకపోయెను. దున్నువాడెవడను ప్రశ్నయే పట్టికలో లేనప్పుడు, ఎంత వేగముగల యంత్రమైనను దానికి బదులీయజాలదు. ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైనది. అందు ఆ గడిని నిలుపుటయేగాక, ఏటేట చేనికడకు పోయి దానిని నింపించుట రెవెన్యూవారి విధి. అట్లు నింపుచున్నారో లేదో నకలు తీయించి చూచుకొనుట రైతుల పని.