కంటిలో నల్లమచ్చ – వైద్యులు ఒప్పుకున్న లెక్క

ఇంద్రియాలన్నింటిలో కన్నే ప్రధానమని పెద్దలు చెబుతారు. అటువంటి కన్నును కాన్సరని తీసివేసిన తరువాత, అది కాన్సర్ కాదని తేలితే? ఒకప్పుడు ఇలా జరగడం అరుదేమీ కాదు.

చర్మం మీద ఉన్నట్లే కంటి లోపల కూడా పుట్టుమచ్చలు ఉంటాయి. రెటీనా వెనుక రక్తనాళాల పొరలో నలుపునిచ్చే కణాలున్నాయి. అవి అదుపు తప్పి పెరిగితే మెలనోమా అనే కాన్సర్ అవుతుంది. 1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించాక గాని బతికున్న మనిషి కంటి అడుగుభాగం వైద్యులకు స్పష్టంగా కనిపించలేదు. ఆ పైన వందేళ్ళపాటు ఆ చూపే ముఖ్య ఆధారం. ముక్క తీసి పరీక్షిద్దామంటే కాన్సర్ కణాలు పాకుతాయేమోనని భయం. వదిలేస్తే ప్రాణానికే ముప్పు. అందుచేత అనుమానం బలపడితే కన్ను తీసేవారు.

1964లో అమెరికాలో ఫెర్రీ అనే వైద్యుడు పాత రికార్డులను తిరగేశారు. మెలనోమా అని తీసిన 529 కళ్ళలో 100 కళ్ళకు ఆ జబ్బే లేదు! కొన్నింటిలో ఉన్నవి మామూలు పుట్టుమచ్చలు. మరికొన్నింటిలో వయసు మీద పడి రెటీనా కింద చేరిన రక్తం. మన ఉద్యోగాల్లో ఆడిట్ అభ్యంతరం వస్తే ఫైలు ఎక్కడ దాచుదామా అనిపించేది. ఆయన మాత్రం తమ వృత్తిలోని పొరపాటును అంకెలతో సహా అచ్చు వేయించారు.

అప్పటికే కొత్త సాధనాలు వస్తున్నాయి. 1956లో మండ్ట్, హ్యూజ్ అనేవారు కంటి గడ్డలను గుర్తించడానికి అల్ట్రాసౌండ్ వాడారు. 1961లో నొవోట్నీ, ఆల్విస్ అనే వైద్య విద్యార్థులు చేతి నరంలో ఫ్లోరెసీన్ రంగు ఎక్కించి, కంటి రక్తనాళాలకు ఫోటోలు తీసిన విధానాన్ని ప్రచురించారు. గడ్డ మందమెంత, అది నిజంగా గడ్డా లేక చేరిన రక్తమా అన్నది తేల్చడం సులువయింది. చిన్న మచ్చలకు ఫోటో తీసి, కొన్ని నెలల తరువాత మళ్ళీ తీసి, పెరిగిందా లేదా అని పోల్చి చూడటం అలవాటయింది.

ఫలితమేమిటి? అమెరికాలో 1986లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం 1990లో లెక్క చెప్పింది: తీసిన 413 కళ్ళలో పొరపాటు పడినవి రెండే. మధ్యరకం గడ్డలకు కన్ను తీసినా, తీయకుండా రేడియోధార్మిక అయోడిన్ పలకను కంటికి అమర్చినా, బతికే అవకాశంలో తేడా లేదని 2001లో అదే అధ్యయనం తేల్చింది.

తెల్లవారితో పోలిస్తే మన దేశంలో ఈ జబ్బు తక్కువే. అయినా శుక్లాలకో, షుగరుకో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు చుక్కలు వేయించుకుని లోపలి పరీక్ష కూడా చేయించుకోండి. మచ్చ ఉందంటే బెదిరిపోవద్దు. దాని ఫోటోను పింఛను కాగితాలతోపాటు భద్రపరచండి. రేపు పోల్చి చూడటానికి అదే సాక్ష్యం.