ఏ చెవి బాగుగా విన్నది?

రాత్రివేళ హ్రస్వతరంగములపై దూరపు కేంద్రములను వినుట అలవాటైన వారికి ఒక సంగతి అనుభవమే. పాట స్పష్టముగ వచ్చుచుండగనే సన్నగిల్లి, ఎక్కడికో కొట్టుకొనిపోయినట్లై, కొన్ని క్షణములకు మరల పుంజుకొనును. హైదరాబాదు కేంద్రము 4800 కిలోహెర్ట్జులపై వినిపించుచుండిన కాలమున, పెగడపల్లి, కోరుట్ల వంటి ఊళ్లలో ఇది తమ సెట్టు లోపమేమో యని మీటలు త్రిప్పినవారు ఉండకపోరు. లోపము సెట్టుది కాదు. ఆకాశమున మిక్కిలి ఎత్తుననున్న విద్యుత్పొరలను తాకి తరంగము పలు మార్గములలో మనకు చేరును. ఆ మార్గములు ఒకదానికొకటి తోడైనచో ధ్వని హెచ్చును, ఎదురైనచో అణగిపోవును.

1920ల దశాబ్దిలో ఈ చిక్కుకు విరుగుడు వెదకినవారిలో అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ ఇంజనీర్లు హెరాల్డ్ బెవరేజ్, పీటర్సన్ అనువారు ముఖ్యులు. న్యూయార్కునకు తూర్పున, లాంగ్ ఐలెండునందలి రివర్‌హెడ్ అను చోట వారి గ్రాహకకేంద్రముండెను. ఒక ఏరియలుపై తరంగము అణగిన క్షణముననే, దానికి కొంత దూరముననున్న మరియొక ఏరియలుపై అది బలముగ నుండుటను వారు గమనించిరి. మూడు ఏరియళ్లను ఎడముగ నిలిపి, మూడింటికి మూడు రిసీవర్లను అమర్చి, ఏ క్షణమున ఏది బలముగ వినిన దానిదే పైచేయి యగునట్లు కలిపిరి. ఆ విధానమును 1931లో ప్రకటించిరి. ఢిల్లీనుండి హ్రస్వతరంగములపై వచ్చు తెలుగు వార్తలను అందుకొని పునఃప్రసారము చేసిన మన కేంద్రముల ఇంజనీర్లు కూడ ఈ క్షీణతతో పోరాడినవారే.

ఇంతవరకు ఒకరు పలుకగా పదుగురు వినుట. పలికినవానికి బదులు చెప్పవలసి వచ్చినప్పుడు కథ మారినది. 1928 ఏప్రిల్ 7న అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు గస్తీకార్లకు రేడియో ద్వారా ఆజ్ఞలు పంపసాగిరి. కారులోనివారు వినుటయే గాని పలుకుటకు సాధనము లేదు. బదులు చెప్పుటకు ఏదో ఒక టెలిఫోను చెంతకు పోవలసినదే. 1933లో న్యూజెర్సీయందలి బేయోన్ పట్టణమున కారునుండియు మాటాడు ఏర్పాటు జరిగెను. అయినను ఆ సంభాషణ సమానుల మధ్య జరుగునది కాదు. కేంద్రమునకు ఎత్తైన స్తంభము, గొప్ప విద్యుచ్ఛక్తి. కారునకు చిన్న బాటరీ, పొట్టి ఏరియలు. 1946 జూన్ 17న సెయింట్ లూయిస్ నగరమున బెల్ సంస్థ కార్లలో టెలిఫోను ప్రారంభించినప్పుడు కేంద్రపు శక్తి 250 వాట్లు కాగా, కారుది 20 వాట్లు మాత్రమే. కేంద్రపు మాట నగరమంతయు వినవచ్చును. కారు మాట నాలుగు వీధులు దాటునో లేదో! అందుచేత ప్రసారయంత్రమును ఒకటినే యుంచి, రిసీవర్లను మాత్రము నగరమున వేర్వేరు చోట్ల నిలిపి, టెలిఫోను తీగలతో కేంద్రమునకు కలిపిరి.

దీనిని మన ప్రాంతమునకు అన్వయించి ఊహింతము. జగిత్యాలలో ఎత్తైన స్తంభము కలదనుకొనుడు. గుట్టల చాటున దారితప్పిన ఒకనిని వెదకుచు, ఒక జవాను చేతిసెట్టుతో పెగడపల్లి దాపున నడచుచున్నాడు. జగిత్యాల పిలుపు అతనికి చక్కగ వినబడును. అతడు “మనిషి దొరికెను, వైద్యుని పంపుడు” అనిన మాట మాత్రము గుట్ట దాటదు. పెగడపల్లి, కోరుట్ల, సిరిసిల్లలలో ఒక్కొక రిసీవరున్నచో ఏదో ఒకటి తప్పక వినును. కాని మూడును తీగలపై పంపిన ధ్వనులను ఉన్నవున్నట్లు కలిపితిమా, బాగుగా విన్న చెవిలోని మాటపై తక్కిన రెండు చెవులలోని హోరు పడి, అంతయు గందరగోళమగును. ఒకదానిని ఎన్నుకొనక తప్పదు.

ఎట్లు ఎన్నుట? బిగ్గరగ పలికినదానిని ఎన్నుట పొరపాటు, ఏలనన హోరు కూడ బిగ్గరగనే యుండును. పైగా పొడుగు తీగపై వచ్చిన మంచి మాట, పొట్టి తీగపై వచ్చిన చెడ్డ మాటకంటె సన్నముగ వినబడవచ్చును. ఇక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన ఎఫ్.ఎం. విధానము ఆదుకొనినది. కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు 1940లో ఆచార్య డేనియల్ నోబుల్ ఆ విధానముననే రెండువైపుల సంభాషణ ఏర్పరచెను. అందు తరంగము బలముగ నున్నంతసేపు హోరు అణగియుండును. బలము తగ్గినకొలది పైకి లేచును. కనుక మాటకు, హోరునకు గల నిష్పత్తిని కొలిచినచో ఏ చెవి బాగుగా విన్నదో తెలియును. కేంద్రమునందలి యంత్రము అన్ని తీగలను ఎడతెగక సరిచూచుచు, మేలైనదానికి తలుపు తెరచి తక్కినవానికి మూయును. జవాను నడచుచుండగా, ఒక వాక్యము నడుమనే ఎన్నిక మారవచ్చును. వినువానికి అది తెలియను కూడ తెలియదు.

ఈ పనికి ఇంగ్లీషువారు ‘ఓటింగు’ అని పేరిడిరి. నాకు ఆ పేరు అంతగా రుచింపదు. ఇందు మెజారిటీ లేదు. రెండు చెవులు చెడుగ విని ఒకటి బాగుగ వినినచో గెలుపు ఆ ఒక్కదానిదే. సంగీతపు పోటీలో న్యాయనిర్ణేత చేయు పనికి ఇది దగ్గర. అంకెల విధానమున నడచు నేటి సెట్లలో హోరునకు బదులు, అందిన అంకెలలోని తప్పులను లెక్కించి తీర్పు చెప్పుచున్నారు.

హోరు తక్కువైనదే మేలనుటలో ఒక మోసము దాగియున్నది. తెగిపోయిన తీగపై హోరే యుండదు. దానిని మించిన నిశ్శబ్దము మరియొకటి లేదు గనుక, అమాయకమైన యంత్రము ఆ చచ్చిన తీగకే పట్టము గట్టును; జవాను మాట మరల పోవును. అందుచేత మాట లేనంతసేపు ప్రతి రిసీవరును తన తీగపై సన్నని కూత నొకదానిని, సాధారణముగ 1950 లేక 2175 హెర్ట్జులది, పంపుచుండునట్లు చేసిరి. కూత ఆగినచో మాట వచ్చుచున్నదని గుర్తు. కూతయు లేక, మాటయు లేక ఏ తీగయైన మిన్నకున్నచో దానిని ఎన్నికనుండి తొలగించి, ఎఱ్ఱదీపము వెలిగించి, తీగ బాగుచేయువానిని పిలుతురు.