సిర్రోసిస్

కాలేయం గట్టిపడి, ముడులు ముడులుగా మారే జబ్బుకి ఈ పేరు పెట్టింది ఫ్రెంచి వైద్యుడు రెనే లెనెక్. స్టెతస్కోపు కనిపెట్టిందీ ఆయనే. 1819లో గుండె, ఊపిరితిత్తుల చప్పుళ్ల మీద రాసిన పుస్తకంలో, ఓ అధోజ్ఞాపికలో ఈ మాట వాడాడు. గ్రీకులో 'కిర్రోస్' అంటే పసుపు కలిసిన గోధుమరంగు. శవపరీక్షలో కాలేయం ఆ రంగులో కనబడింది మరి.

ఇవాళ పెథాలజిస్టు చూసేది మచ్చకణజాలాన్ని. సూదితో తీసిన సన్నటి ముక్కకి మాసన్ ట్రైక్రోమ్ రంగు అద్దితే ఆ మచ్చకణజాలం నీలంగా తేలి, కణాల గుంపుల చుట్టూ కంచెలా కనిపిస్తుంది.

మనవాళ్లు ఈ మాట వినగానే తాగుడే కారణమనుకుంటారు. అది రోగికి చేసే అన్యాయం. హెపటైటిస్ బి, సి వైరస్‌లతోనూ, కాలేయంలో కొవ్వు పేరుకున్నా, మందు చుక్క ముట్టనివాళ్లకీ వస్తుంది. ఎలా వచ్చినా కాలేయ క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించమంటారు.