కుక్క పడక: గోనెపట్టా నుంచి ఫోము పరుపు దాకా

విజయనగరం జిల్లా పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసినన్నాళ్లూ నా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా ఎడ్లూ గేదెలూ మేకలే. రిటైరయ్యి పట్నంలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాక లెక్క తిరగబడింది. ఇప్పుడు వచ్చేవన్నీ కుక్కలే. వాటిని తెచ్చినవాళ్లు మందుచీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "డాక్టరుగారూ, మావాడికి ఎలాంటి బెడ్ కొనమంటారు?" అని అడుగుతారు. నేను చెప్పే జవాబు నా సొంతం కాదు. ఆరువందల ఏళ్ల కిందటే ఫ్రాన్సులో ఒక వేటగాడు దాన్ని రాసిపెట్టాడు.

ఆయన పేరు గాస్తోన్ ఫేబ్యూస్. పిరనీస్ పర్వతాల పాదాన ఉన్న ఫ్వా అనే సీమకు ప్రభువు. వేట గురించి 1387లో ఒక గ్రంథం మొదలుపెట్టాడు. అందులో కుక్కల కొట్టం ఎలా ఉండాలో చెప్పిన భాగాన్ని నేటికీ పశువైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పవచ్చు. కొట్టం దాదాపు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉండాలి. ముందొక తలుపు, వెనకొక తలుపు. వెనక, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడే పచ్చిక జాగా. కుక్కలు తమ ఇష్టం వచ్చినప్పుడు అందులోకి వెళ్లి రావాలి. కుక్కలు పడుకునే చోటు నేలకు అడుగెత్తున చెక్కతో కట్టి, దానిమీద గడ్డి దట్టంగా పరవాలి. పైన అటక ఉంటే చలికాలం వెచ్చగా, వేసవిలో చల్లగా ఉంటుంది. వేట నుంచి తడిసి వచ్చిన కుక్కలు ఆరడానికి పొగగూడుతో ఒక నెగడు. పొద్దున్నే పాత గడ్డి ఎత్తేసి, ఊడ్చి, కొత్తగడ్డి వెయ్యాలి. కుక్కలు కాలెత్తడానికి గడ్డి చుట్టిన చిన్న గుంజలు పాతాలి, అప్పుడవి పడుకునే చోటు పాడుచెయ్యవు.

ఇంకొకటి కూడా ఉంది. కుక్కలు రాత్రి కొట్లాడుకోకుండా ఒక పిల్లవాడు వాటితోపాటే ఆ కొట్టంలో పడుకోవాలి. ఏడేళ్ల వయసులోనే పిల్లవాణ్ణి ఈ పనిలో పెట్టాలంటాడాయన. కుక్కకు ఎండా, వెచ్చదనమూ, కొత్తగడ్డీ సమకూర్చిన ఆ దొర, ఆ పిల్లవాడి పడక గురించి అంత శ్రద్ధ పెట్టలేదు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కుక్కల పడకల చరిత్రలో ఆ పిల్లల పేర్లు ఎక్కడా లేవు. కానీ ఏ కుక్క ఎక్కడ పడుకుంటే సుఖంగా నిద్రపోయిందో దొరకన్నా వాళ్లకే బాగా తెలిసి ఉంటుంది.

ఇంగ్లండులో యార్కు ప్రభువు ఎడ్వర్డు 1406-1413 మధ్య ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, తనకు తెలిసినవి కొన్ని చేర్చాడు. 1415లో అజిన్‌కూర్ యుద్ధంలో చనిపోయాడు. కుక్కల కొట్టం మాత్రం ఆ కొలతలతోనే ఆ దేశం చేరింది.

ఇంకా వెనక్కి వెళ్తే రోమను పండితుడు వారో కనిపిస్తాడు. 80వ ఏట, క్రీస్తుపూర్వం 37లో, వ్యవసాయం మీద పుస్తకం రాస్తూ, ఈనిన కుక్కకు ఊకో అలాంటిదే మరొకటో పరవాలనీ, పక్క మెత్తగా ఉంటే పిల్లలు సులువుగా పెరుగుతాయనీ చెప్పాడు. ఎందుకు పెరుగుతాయో మా శాస్త్రం తరవాత తేల్చింది. పుట్టిన మొదటి రెండు వారాలు కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. చల్లటి గచ్చు మీద వదిలేస్తే పాలు తాగే ఓపిక కూడా పోతుంది. మా ఊళ్లలో కుక్క ఈనితే గడ్డివాము పక్కన చోటు చేసి పాతచీరల బొంత వేసే ముసలమ్మలు వారోను చదవలేదు. చేసింది మాత్రం అదే పని.

వీటి పక్కన ఇంకో పడకను పెట్టి చూడాలి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఫ్రాన్సు రాణి మారీ ఆంత్వానెత్‌దని చెప్పే కుక్కగూడు ఒకటుంది. 1775-80 ప్రాంతంలో క్లోద్ సెనే అనే వడ్రంగి చేశాడు. బీచి కర్రకు బంగారు పూత, లోపల పట్టూ మఖమలూ. పనితనానికి చేతులెత్తి మొక్కాలి. కానీ కుక్క వైపు నుంచి చూస్తే ఉతకడానికి వీల్లేని గుడ్డ, ఎండలో వెయ్యడానికి వీల్లేని చెక్క. చూసే మనిషి కంటికి చేసిన పడక అది. ఇప్పుడు దుకాణాల్లో నాలుగు వేలకూ అయిదు వేలకూ అమ్మే గులాబిరంగు బొచ్చుపరుపుల్లో చాలావాటి వంశం ఆ గూటి నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

మన దగ్గర కుక్కకు పడక అని ప్రత్యేకంగా చేసిన ఇళ్లు తక్కువ. కుక్కే చలికాలం చల్లారిన పొయ్యి బూడిదలో ముడుచుకునేది, వానాకాలం అరుగు మీదికి ఎక్కేది, రోహిణీకార్తెలో నూతిగట్టు దగ్గర తడినేల గీరి పొట్ట ఆనించేది. ఆ మూడూ దాని తెలివే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చి వేడి దింపుకుంటుంది. వెంట్రుకలు పల్చగా ఉండే పొట్టను చల్లటి నేలకు ఆనిస్తే ఇంకాస్త దిగుతుంది. కాబట్టి వేసవిలో మీ కుక్క కొత్త పరుపు వదిలి బండల మీద పడుకుంటే దాన్ని బతిమాలి పరుపెక్కించకండి.

మనిషి చేత్తో వేసిన పడక మన ప్రాంతంలో ఏదైనా ఉందంటే అది గోనెపట్టా. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో కార్మికుడు. చంపావతి గట్టు పక్క ఊళ్లలో గోగునార వాసన తెలియకుండా పెరిగిన పిల్లలు లేరు. మన దేశంలో మొదటి జూట్ మిల్లు 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో వచ్చింది. అంతకుముందు గోనె చేతితో నేసిన సరుకు, లంబాడీల ఎడ్ల వీపున ఉప్పూ గింజలూ మోసిన సరుకు. మిల్లులొచ్చాక అది ఇంటింటి వస్తువయింది. ముందు బియ్యం, తరవాత తవుడు, తరవాత వానలో ఒక మూలను రెండో మూలలోకి దోపి నెత్తిన వేసుకునే ముసుగు, ఆపైన గడప ముందు కాళ్లపట్టా. చిరుగులు పడ్డాక కుక్కకు. మా అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి అరుగు వారన వేసేది. "కింద చెమ్మ తగిలితే కుక్కైనా దగ్గుద్ది" అనేది. శుక్రవారం ఇల్లు కడిగినప్పుడు దాన్నీ దులిపి, మరిగిన నీళ్లు పోసి, ఎండేసేది.

ఆ మరిగిన నీళ్లే అసలు సంగతి. కుక్కకు పట్టే గోమార్లు ఒంటిమీదే ఉండిపోవు. రక్తం తాగి దిగి, గోడ పగుళ్లలో, పక్క మడతల్లో గుడ్లు పెడతాయి, ఒక్కొక్కటి వేలల్లో. కుక్కకు ఎన్ని మందులు పూసినా పక్క శుభ్రం కాకపోతే గోమార్లు తెచ్చే జ్వరం మళ్లీ వస్తుంది. ఫేబ్యూస్ రోజూ గడ్డి మార్చమన్నా, మా అమ్మ వారం వారం గోనె ఎండేసినా ఫలితం ఒకటే.

తరవాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. సిమెంటు, ఎరువులు, చివరికి దుకాణం బియ్యం కూడా అందులోకి వెళ్లిపోయాయి. జనపనార సంచుల వాడకాన్ని కాపాడడానికి 1987లో పార్లమెంటు చట్టం చేసింది. ధాన్యం సేకరణకు గోనెలు ఇంకా వస్తున్నాయి గానీ మామూలు ఇంట్లో గోనె కనబడడం లేదు. ప్లాస్టిక్ సంచి తేమ పీల్చదు, జారుతుంది, ఎండకు కాలుతుంది. దానిమీద ఇష్టంగా పడుకున్న కుక్కను నేను చూడలేదు.

ఫోము సంగతీ చెప్పాలి, దాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. నొక్కితే మెల్లగా మళ్లీ పొంగే మెమరీ ఫోమును 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం, విమానాల సీట్లకని తయారుచేశారు. ముసలి కుక్కకు, కీళ్లనొప్పులున్న కుక్కకు అది నిజంగా మేలు చేస్తుంది. లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటి బరువైన కుక్కలు ఏళ్లతరబడి గచ్చు మీదే పడుకుంటే మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి, చర్మం కాయకాస్తుంది, కొన్నింటికి నీరు చేరి వాస్తుంది. వాటికి గోనె నాలుగు మడతలు చాలదు. అయితే ఫోము వేడిని పట్టి ఉంచుతుంది, మన వేసవికి అది ఒక్కటే పడకయితే కష్టం. వయసులో ఉన్న కుక్కకు ఇనపచట్రానికి వల బిగించిన మంచాలు వస్తున్నాయి, అవి మంచివి. కింద గాలి ఆడుతుంది, చెమ్మ తగలదు. ఇంట్లో పాత నులకమంచం ఉంటే కాళ్లు కోయించి అడుగెత్తు చెయ్యండి, అదీ అంతే పనికొస్తుంది.

కొనేముందు మీ కుక్క కాళ్లు బారజాపి పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలవండి, ఇంకో జానెడు కలపండి. తొడుగు ఊడదీసి ఉతికేలా లేకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి. ధనుర్మాసం వచ్చేలోగా బియ్యం కొట్టువాణ్ణి అడిగి రెండు గోనెసంచులు తెచ్చుకోండి. ఒకటి మీ మెట్ల కింద వీధికుక్కకు వెయ్యండి, రెండోది దాన్ని ఉతికిన రోజున మార్చడానికి ఉంచండి.