దోమలన్నిటినీ చంపనక్కరలేదు: రొనాల్డ్ రాస్ లెక్క

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో వైద్యాధికారి రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడనీ, 1902లో నోబెల్ బహుమతి పొందాడనీ మీరు చదివే ఉంటారు. ఆ తరువాత ఆయన వేసిన లెక్కకు కూడా ప్రజారోగ్య చరిత్రలో అంతే విలువ ఉంది.

దోమలను అరికడితే మలేరియా తగ్గుతుందని రాస్ వాదించినప్పుడు, దోమలన్నిటినీ నిర్మూలించడం అసాధ్యమన్న ఆక్షేపణ ఎదురైంది. 1908 నాటి మారిషస్ నివేదికలోనూ, 1911 నాటి గ్రంథంలోనూ ఆయన దీనికి గణితంతో బదులిచ్చాడు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు, వ్యాధి క్రమంగా క్షీణిస్తుందని చూపాడు.

ఒక ఊహాజనిత ఉదాహరణ పరిశీలించండి. రాజంపేటలో 100 మంది మలేరియా రోగులు ఉన్నారనుకుందాం. ప్రతి 10 మంది రోగుల నుంచి దోమల ద్వారా మరో 12 మందికి సోకితే, తరువాతి విడతల్లో రోగుల సంఖ్య 120, 144, సుమారు 173 అవుతుంది. నీటి గుంటలు పూడ్చి, దోమతెరలు వాడి ఆ 12ను 8కి తగ్గిస్తే, అది 80, 64, సుమారు 51గా మారుతుంది. ఊళ్లో దోమలు ఇంకా ఉన్నాయి. అయినా వ్యాధి తగ్గుముఖం పట్టింది.

ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధులకు ఒక గణిత సిద్ధాంతాన్ని రూపొందించాడు. దానిని వారు 1905-06 బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో పోల్చి చూశారు. ఆ సిద్ధాంతంలోనూ ఇటువంటి హద్దే ఉంది.

కోవిడ్ కాలంలో మాస్కులు నూటికి నూరుపాళ్లు రక్షించవు కనుక వృథా అన్నవారిని మీరు వినే ఉంటారు. ఒక చర్య వ్యాధిని పూర్తిగా ఆపుతుందా అని కాక, వ్యాప్తిని ఆ హద్దు కిందికి దించడానికి ఎంత తోడ్పడుతుందని అడగాలి.