ముప్పై ఏళ్ల ఈసీ

విశాఖ మధురవాడలో ఫ్లాటు కొనేవాళ్లను బ్యాంకు వకీలు ముందుగా అడిగేవి రెండు: లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). మాడ్యులర్ కిచెన్ ముచ్చట్లన్నీ ఆ తర్వాతే. ఈసీలో పాత తనఖా ఒకటి కనిపించి, దాని విడుదల దస్తావేజు దొరక్కపోతే లోను అక్కడే ఆగుతుంది.

ఈ జాగ్రత్త పొలాల కాలం నాటిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం గుర్తించిన తనఖాల్లో రైతుకు బాగా తెలిసింది భోగ్య తనఖా. అప్పు తీసుకుని పొలం అప్పగిస్తే షావుకారు పంట తింటాడు. వడ్డీ కింద అదే చెల్లు. అసలు కడితేనే పొలం తిరిగొస్తుంది. పంటే చేతిలో లేనివాడు అసలెక్కణ్నుంచి తెస్తాడు? వడ్డీ కట్టక్కర్లేదని తేలిగ్గా కనిపించినా అంత బరువైన అప్పు మరొకటి లేదు.

విశాఖ అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది. మద్రాసు ప్రభుత్వ అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో ఈ అప్పుల మీద పెద్ద నివేదికే రాసి, జర్మనీలో రైఫైజన్ పెట్టిన పరపతి సంఘాల దారి చూపాడు. 1929లో మద్రాసులో కేంద్ర సహకార భూమి తనఖా బ్యాంకు వచ్చింది. 1938లో రాజాజీ ప్రభుత్వం మరింత ముందుకెళ్లి రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది: పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టేసినవాడికి బాకీయే లేదు.

దస్తావేజులు బ్యాంకులో పెట్టి లోను తీసుకోవడం మాత్రం పట్నం పద్ధతి. మొదట్లో కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి రేవు పట్టణాలకే చట్టం ఆ వీలిచ్చింది. మిగతా ఊళ్లు ప్రభుత్వ నోటిఫికేషన్లతో చేరాయి. 1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో జాతీయ గృహ బ్యాంకు పుట్టాక నెల జీతం చూసి ఇచ్చే ఇంటి లోన్లు పెరిగాయి. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఏర్పడ్డాక మధురవాడ నగరంలో భాగమైంది, చుట్టుపక్కల పొలాల్లో లేఅవుట్ల రాళ్లు లేచాయి.

ఇంతకీ ముప్పై ఏళ్లే ఎందుకు? 1908 నాటి కాలపరిమితి చట్టం తనఖా విడిపించుకోవడానికి అరవై ఏళ్లిచ్చింది. 1963లో దాన్ని ముప్పైకి తగ్గించారు. వకీళ్ల లెక్కకు అదొక ఆధారం. అయితే భోగ్య తనఖాకు ఆ గడువు తాకట్టు పెట్టిన రోజు నుంచి మొదలవదని, అప్పు తీరినప్పుడే మొదలవుతుందని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే తాత పెట్టిన పొలాన్ని మనవడు ఇప్పటికీ అడగొచ్చు. నిన్నటి దాకా పంట పండిన నేల మీద లేచిన అపార్ట్‌మెంటుకు ముప్పై ఏళ్ల ఈసీతో సరిపెట్టుకోవడం తొందరపాటే.