పూత మీది బ్యాక్టీరియా, జీవ నియంత్రణ

పూల మీద సహజంగా బతికే హానిలేని బ్యాక్టీరియాను తెగులు క్రిములకు పోటీగా నిలపడం పండ్ల తోటల జీవ నియంత్రణలో ఒక పద్ధతి. దీనికి పేరు తెచ్చినవి ఆపిల్, బేరి తోటలు. కాశీబుగ్గ, పలాస చుట్టుపక్కలా ఉద్దానం తీరం వెంటా పరుచుకున్న జీడిమామిడి తోటల్లోనూ పంట నిలిచేది పూత నిలిస్తేనే. అయితే ఆపిల్ తోటలో నెగ్గిన పద్ధతిని జీడి తోటకు ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. అది ఎందుకు నెగ్గిందో తెలిస్తే ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందో తేలుతుంది.

ఆపిల్, బేరి తోటలను ఎండగొట్టే ఫైర్ బ్లైట్‌కు కారణం ఎర్వినియా అమిలోవోరా అనే బ్యాక్టీరియా. తేనెటీగల వెంట వచ్చి పువ్వు కీలాగ్రం మీద చేరి, అక్కడి తేమను, చక్కెరలను వాడుకుని ఒక్కో పువ్వులో పది లక్షల దాకా పెరుగుతుంది. వాన గాని దట్టమైన మంచు గాని దాన్ని కిందికి, మకరంద గ్రంథుల దగ్గరికి కడిగేస్తుంది. చెట్టులోకి చొరబడేది అక్కడే. దీని మీద వాడే యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునే రకాలు 1970ల మొదట్లో కాలిఫోర్నియా బేరి తోటల్లో బయటపడ్డాక జీవ నియంత్రణ మీద ఆసక్తి పెరిగింది. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ఏ506 అనే హానిలేని బ్యాక్టీరియాను పూలు విచ్చేటప్పుడు చల్లితే, ఎర్వినియా కన్నా ముందే కీలాగ్రాన్ని ఆక్రమించి ఆహారాన్ని వాడేసుకుంటుంది. పాంటోయా రకాలు కొన్ని దీనికి తోడు యాంటీబయాటిక్‌లనూ స్రవిస్తాయి. వాతావరణాన్ని బట్టి ఫలితం ఏటా మారుతుందన్న విమర్శ నిజమే. కానీ ఇది తెగులు సోకాక పనిచేసే మందు కాదు, ముందే చోటు పట్టించే ఏర్పాటు. ఆలస్యంగా చల్లి ఫలితం రాలేదంటే తప్పు పద్ధతిది కాదు.

జీడిలో లెక్క వేరు. పూత వారాల తరబడి సాగుతుంది. ఒకే గుత్తిలో మొగ్గలు, విచ్చిన పూలు, గులాబీ రంగుకు తిరిగిన పాత పూలు, పిందెలు కలిసే కనిపిస్తాయి. ఇవాళ చల్లిన బ్యాక్టీరియా రేపు విచ్చే పువ్వుకు రక్షణ ఇస్తుందన్న భరోసా లేదు. పైగా పూగుత్తి మాడడానికి తొలి కారణం చాలాసార్లు తెగులు క్రిమి కాదు, టీ దోమ అనే పురుగు. అది రసం పీల్చిన చోట నల్లటి మచ్చలు పడతాయి. కొల్లెటోట్రైకమ్ వంటి శిలీంధ్రాలు ఆ గాయాల్లోంచే ప్రవేశిస్తాయి. దోమ పొడుస్తూనే ఉంటే కీలాగ్రం మీది బ్యాక్టీరియా కొమ్మను కాపాడలేదు.

అలాగైతే జీడికి ఈ పద్ధతి వృథాయేనా? కాదు. సూడోమోనాస్, బాసిల్లస్ జాతులు శిలీంధ్రాల పెరుగుదలను అణచగలవు. కానీ వాటికి రెండో స్థానమే దక్కుతుంది. చిగురు, పూమొగ్గ దశల్లో టీ దోమను గమనించి అదుపు చేయడం మొదటి పని. బ్యాక్టీరియా చల్లే రోజుల్లో రాగి మందులు వాడితే అవి శత్రువుతో పాటు మిత్రుణ్నీ చంపుతాయి. విచ్చిన పూతపై పురుగుమందు కొడితే పరాగ సంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు నశించి పిందె తగ్గుతుంది. కాబట్టి ఉద్దానం రైతుకు ఆపిల్ తోటల అనుభవం నేర్పేది ఫలానా క్రిమిని కొనమని కాదు. తెగులు పూతలోకి ఏ దారిన, ఏ దశలో వస్తుందో ముందు తేల్చుకుని, ఆ దారికే కాపలా పెట్టమని.